మర్యాద గోలు

ఆటల సెక్షన్‌లో పనిచేసిన పదకొండేళ్ళలో నేను బంతిని కాలితో తాకింది ఒక్కసారే. అదీ అది నా కుర్చీ కిందికి దొర్లుకొచ్చినందువల్ల. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఫుట్‌బాల్ సంగతి రాస్తున్నానని తెలిసి మా వీధి పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి, మీరు ఏ పొజిషన్‌లో ఆడేవారు తాతా అని అడిగారు. నేను ఆడేవాణ్ణి కాదు, రాసేవాణ్ణి. బల్ల, కుర్చీ, గొడుగు, గడియారం, రూళ్ళకర్ర, రిజిస్టరు. అదీ నా పొజిషన్.

అరవైల మొదట్లో నేను అనంతపురంలో ఒక ఆఫీసులో లోయర్ డివిజన్ గుమాస్తాను. చేతిరాత బాగుంటుందని, ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాసుకునే అలవాటు ఉందని మా హెడ్ క్లర్కు నన్ను ఆటల సెక్షన్‌లో వేశారు. జిల్లా ఫుట్‌బాల్ లీగు కార్యదర్శి పని కూడా దానితోపాటే నా నెత్తికి వచ్చింది.

లీగులో రెండు డివిజన్లు ఉండేవి. మొదటి డివిజన్ జట్లన్నీ పట్టణంలో, మెట్లు కట్టిన మైదానంలో, జనం ముందు ఆడేవి. రెండో డివిజన్‌లో ఆరు జట్లు. ఒక్కొక్క జట్టూ మిగతా ఐదింటితోనూ ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో ఆడాలి. గెలిస్తే రెండు పాయింట్లు, సమానమైతే ఒకటి. ఏడాది చివర రెండో డివిజన్‌లో పైనున్న జట్టు మొదటిదానికి ఎక్కుతుంది, మొదటిదానిలో అడుగున ఉన్నది కిందికి దిగుతుంది. దాన్నే అందరూ ప్రమోషన్ అనేవారు. నేను కూడా ఆఫీసులో ఒక ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్న రోజులు కాబట్టి ఆ మాట చెవిన పడితే కాస్త ఉలిక్కిపడేవాణ్ణి.

ఆ యేడు కొత్త నిబంధన ఒకటి వచ్చింది. రెండు జట్లకు పాయింట్లు సమానమైతే గోల్ యావరేజీ చూడాలి. అంటే కొట్టిన గోల్స్‌ను తిన్న గోల్స్‌తో భాగించాలి. ఎవరిది ఎక్కువ వస్తే వాళ్ళు పైకి. నేను ఆ నిబంధనను ఇంగ్లీషులో ఒక పేజీ టైపు చేసి, ఆరు జట్ల కెప్టెన్లకూ రిజిస్టర్డు పోస్టులో పంపి, వాళ్ళు సంతకం చేసిన రసీదులు తెప్పించుకుని, వరుసగా దారంతో కుట్టి ఫైలు చేశాను. ఫైలు చాలా అందంగా కుదిరింది. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పుల్లో అది ఒకటని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఆరు జట్లలో ఒకటి మడకశిర పక్క పల్లెది. ఊరి చెరువుకు మూడేళ్ళుగా నీళ్ళు రాలేదు. ఆ చెరువు గర్భమే వాళ్ళ మైదానం, కట్టే గ్యాలరీ. కెప్టెన్ గొర్రెలున్న ఇంటివాడు, సంతల్లో కంబళ్ళు అమ్మేవాడు. నవ్వుతూనే మాట్లాడేవాడు, మాట్లాడుతూనే ఆడేవాడు. గోల్‌కీపర్ కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలోని కుర్రవాడు. మిషన్ హాస్టల్లో చదివినప్పుడు అందరికన్నా పొడుగని గోల్లో నిలబెట్టారట. అప్పటినుంచీ అక్కడే నిలబడ్డాడు.

ఆ గోల్‌కీపర్ ఒకసారి బస్సు కోసం నాతో పాటు నిలబడి తన సంగతి చెప్పాడు. జిల్లాలో ఒక నూలు మిల్లు ఉండేది. వాళ్ళు తమ జట్టు కోసం ఆటగాళ్ళకు ఉద్యోగాలు ఇచ్చేవారు. అయితే మొదటి డివిజన్‌లో ఆడేవాళ్ళనే చూసేవారు, అదీ ఇరవై అయిదు నిండకముందే.

"నాకిప్పుడు ఇరవై నాలుగు సార్. ఈ యేడు మేము పైకి పోతే వాళ్ళ కండ్లబడతా. పోకపోతే ఇంగ నాకు లేదు."

"గెలుస్తానే ఉండారు గదప్పా."

"గెలుస్తాండాము సార్. చూస్తాము."

గెలుస్తూనే ఉన్నారు. ఆ యేడు వాళ్ళ ఊళ్ళో జరిగిన మొదటి నాలుగు ఆటలకూ నేనే వెళ్ళి రాసుకొచ్చాను. నాలుగూ గెలిచారు. నాలుగో ఆట తరువాత ఇంట్లో డైరీ తిరగేస్తుంటే ఒక విషయం కనబడింది. నాలుగు ఆదివారాల కిందా నేను ఒకే వాక్యం రాసి ఉన్నాను: "చివరి పది నిమిషాల్లో గోల్‌కీపర్ కాలు జారినందున ఎదుటివారికి ఒక గోలు." ఎండిన చెరువులో ఒక మనిషి నాలుగుసార్లు అదే వేళకు జారడం నాకు అనుమానం కలిగించింది. తరువాత కెప్టెన్ ఏదో పనిమీద పట్టణం వచ్చినప్పుడు అడిగాను. అతను సిగ్గుపడలేదు.

"అది మర్యాద గోలు సార్."

"అంటే?"

"వాళ్ళు రెండు బస్సులు మారి, దుడ్లు ఖర్చు పెట్టుకోని మా ఊరికి వచ్చింటారు. వచ్చినోళ్ళను ఉత్త చేతులతో పంపిస్తామా? మా నాయన ఒప్పుకోడు, ఊర్లో ఎవురూ ఒప్పుకోరు. మేము గెలుస్తాండామని తెలిసినాక వాళ్ళకొకటి ఇస్తాము. అయితే ఇచ్చినట్ల తెలీకూడదు. తెలిస్తే అది అవమానం. మా గోలీ దానికి శానా నేర్చుకున్నాడు సార్. ఒకసారి జారతాడు, ఒకసారి కంట్లో దుమ్ము పడ్తాది."

నాకు నవ్వొచ్చింది. రాసుకున్నాను. అప్పటికి కూడా గోల్ యావరేజీ నిబంధన నా బుర్రకు తట్టలేదు. పాయింట్లు సమానమైతే కదా ఆ గొడవ.

సమానమయ్యేటట్టే వచ్చింది. పదో ఆట, అంటే ఆఖరి ఆట, మిగిలి ఉండగా పట్టిక గీసి చూసుకున్నాను. పట్టణంలోని ఆఫీసుల జట్టు పది ఆటలూ ముగించి పదిహేను పాయింట్లతో కూర్చుంది. ఆ జట్టు మేనేజరు మా హెడ్ క్లర్కే. మడకశిర జట్టుకు పదమూడు. ఆఖరి ఆట గెలిస్తే పదిహేను. అప్పుడు యావరేజీ చూడాలి. ఆఫీసుల జట్టు పద్దెనిమిది కొట్టి తొమ్మిది తిన్నది, సరిగ్గా రెట్టింపు. కాబట్టి మడకశిర వాళ్ళు తిన్నదానికి రెట్టింపు కన్నా ఒకటైనా ఎక్కువ కొట్టి ఉండాలి. అప్పటికి వాళ్ళు ఇరవై ఒకటి కొట్టి పన్నెండు తిన్నారు. ఆ పన్నెండులో నాలుగు మర్యాదవి.

ఆఖరి ఆట వాళ్ళ చెరువులోనే, విడపనకల్లు వైపు జట్టుతో. నేను శనివారమే వెళ్ళి మడకశిరలో బస చేసి, ఆదివారం మధ్యాహ్నం ఊరు చేరాను. కెప్టెన్ ఇంట్లో వచ్చిన జట్టుకూ నాకూ కలిపి రాగి ముద్ద, పొట్టేలు కూర. తింటూ కెప్టెన్‌ను మెల్లగా అడిగాను, ఈ రోజు ఎన్ని కొట్టాలో చూసుకున్నావా అని.

"ఎన్నైతేనేమి సార్. ఒకటెక్కువ కొడితే గెలిచినట్లే, గెలిస్తే ప్రమోషనే గదా."

"నేను పంపిన నోటీసు?"

"ఇంగ్లీషు కాయితమా సార్? అది భూమి కాయితాలతో కూడ పెట్టెలో భద్రంగా ఉండాది."

చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. రసీదు తెప్పించుకున్నాను, సంతకం తెప్పించుకున్నాను, చదివారా అని ఒక్కరినీ అడగలేదు. అయితే ఇప్పుడు చెప్పడమెలా? కార్యదర్శి ఒక జట్టును పక్కకు పిలిచి మీకు ఇన్ని గోల్స్ కావాలని చెబితే అది తరఫుదారీ. చాలాసేపు ఆలోచించి, రెండు జట్లనూ కలిపి నిలబెట్టి నిబంధన వివరిద్దామని నిశ్చయించుకున్నాను. అక్కడికి న్యాయంగానే ఆలోచించాను.

ఆట మొదలయ్యే ముందు ఇరవై రెండు మందినీ నా బల్ల ముందు నిలబెట్టి, తెలుగులో ఒకసారి, నాకు వచ్చిన కన్నడంలో ఒకసారి చెప్పాను. వచ్చిన జట్టు కెప్టెన్ ఒక పోస్ట్‌మాన్. రోజుకు పది పన్నెండు మైళ్ళు నడిచే మనిషి, అలసట తెలియదు. మీకూ నోటీసు వచ్చింది కదా అని అతన్ని అడిగాను.

"వచ్చింది సార్. నా ఉత్తరం నేనే బట్వాడా చేసుకున్నా. ఇంగ్లీషని పక్కన పెట్టినా."

నిబంధన బాగా బుర్రకెక్కాలంటే ఒక ఉదాహరణ కావాలి. ఉదాహరణలు లేకుండా నేను ఏదీ చెప్పలేను. మడకశిర జట్టు వైపు తిరిగి అన్నాను: "ఉదాహరణకు, మీరు నాలుగు కొట్టి ఏమీ తినకపోతే పైకి పోతారు. అదే మీరు ఎప్పటి మాదిరి చివర మర్యాద కోసం ఒకటి వదిలిపెడితే, నాలుగు చాలదు, ఆరు కొట్టల్ల."

ఆషాఢ గాలికి నా రిజిస్టరు కాగితాలు పటపటలాడుతున్నాయి.

"మర్యాద కోసమంటే ఏంది సార్?" అన్నాడు పోస్ట్‌మాన్.

నేను ఏం చేశానో అప్పుడు తెలిసింది. మడకశిర జట్టు మొత్తం గోల్‌కీపర్ వైపు చూసింది. గోల్‌కీపర్ ఆకాశం వైపు చూశాడు.

పోస్ట్‌మాన్ కెప్టెన్ దగ్గరికి పోయాడు. "అన్నా, పోయిన యేడు ఈ చెరువులో నేనొక గోలు కొట్టింటి."

"కొట్టింటివి."

"మా ఊర్లో నాకు పూలదండ యేసినారు ఆ గోలుకు. బస్టాండు నుంచి ఇంటిదాంక తీసుకపోయినారు."

"బాగనే కొట్టినావప్పా."

"నేనడిగేది అది కాదు."

కెప్టెన్ అబద్ధమాడలేకపోయాడు. నిజమూ చెప్పలేకపోయాడు. మేజోళ్ళు సవరించుకోవడానికి వంగాడు, చాలాసేపు లేవలేదు. పోస్ట్‌మాన్‌కు అది చాలింది.

"సరే. ఈ పొద్దు మీరు ఇచ్చేది మాకు అక్కరలే," అని గోల్‌కీపర్ వైపు తిరిగి, "నీ దగ్గర నేనే తీసుకుంటా. జారితే మటుకు నీకూ నాకూ మాటల్లేవు," అన్నాడు.

"జారనన్నా," అన్నాడు గోల్‌కీపర్. అతని ముఖం పాలిపోయి ఉంది. మర్యాద గోల్స్ లెక్కలో తన ఉద్యోగం నాలుగుసార్లు తన చేతులారా వదిలేశానని అతనికి అప్పుడే తెలిసింది మరి.

ఆట మొదలైంది. సగం ఆటకు మడకశిర జట్టు రెండు, వచ్చినవాళ్ళు సున్న. పోస్ట్‌మాన్ మూడుసార్లు దూసుకొచ్చాడు. రెండుసార్లు గోల్‌కీపర్ ఆపాడు, ఒకసారి బంతి గోలుకు అడ్డంగా కట్టిన తుమ్మ దూలానికి తగిలి తిరిగొచ్చింది. రెండో సగంలో మూడోది పడింది, పావుగంట ఉండగా నాలుగోది పడింది. నా రిజిస్టరులో నాలుగు సున్న. ఇది ఇలాగే నిలిస్తే ఇరవై అయిదుకు పన్నెండు, చాలు. నేను పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాను.

నేను చెప్పింది ఆటగాళ్ళకే కానీ కట్ట మీద జనానికి కాదు. వాళ్ళు తమ లెక్కలో తాము ఉన్నారు. పది నిమిషాలు ఉందనగా కట్ట మీదనుంచి కెప్టెన్ తండ్రి, గొంగడి కప్పుకున్న పెద్దాయన, లేచి నిలబడ్డాడు.

"ఒరే గోలీ, టైమయింది గదరా. ఏమి చూస్తాండావు?"

గోల్‌కీపర్ బంతి మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఏమప్పా, వచ్చినోళ్ళు ఉత్తగా పోతాండారు. కండ్లు నెత్తికెక్కినాయా మీకు? ఈడ ఎప్పుడన్నా ఇట్ల జరిగిందా?"

పక్కనున్నవాళ్ళు కూడా అందుకున్నారు. జారరా, జారు, అని ఊరంతా ఒక మంచి పని చేయమన్నట్లు అరుస్తోంది. కెప్టెన్ మైదానం మధ్యనుంచి, "నాయనా, నువ్వు కూచో," అన్నాడు. ఆ పెద్దాయన ఆ మాట కొడుకు నోట మొదటిసారి విన్నాడనుకుంటాను. కూర్చున్నాడు, కానీ గొణగడం ఆపలేదు.

అదే సమయానికి పోస్ట్‌మాన్‌కు బంతి అందింది. ఇద్దరిని దాటాడు. గోల్‌కీపర్ నాలుగడుగులు ముందుకొచ్చి, నేల మీద బారుగా పడి, వేళ్ళ కొసలతో బంతిని తాకాడు. అయినా అది ఆగలేదు. లోపలికి పోయింది.

కట్టంతా సంతోషించింది. "అట్ల జారల్ల," అన్నాడు పెద్దాయన, తృప్తిగా.

గోల్‌కీపర్ లేచాడు. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. "నేను జారలే," అని కట్టవైపు అరిచాడు. కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇచ్చినావేమిరా?"

"అమ్మతోడు లేదన్నా. వాడు కొట్టినాడు. నిజంగానే కొట్టినాడు."

పోస్ట్‌మాన్ ఆ మాట విన్నాడు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు. తరువాత తన జట్టువైపు పరుగెత్తిన పరుగు చూస్తే, వాళ్ళు మూడు గోల్స్ తేడాతో ఓడిపోతున్నారని ఎవరూ అనుకోరు.

ఇప్పుడు రెండు గోల్స్ కావాలి. నా గడియారంలో ఎనిమిది నిమిషాలు. ఐదోది మూడు నిమిషాల్లోనే పడింది. కార్నర్ నుంచి వచ్చిన బంతి ఎవరి మోకాలికో తగిలి పోయింది. ఎవరి మోకాలో నాకు ఇప్పటికీ తెలియదు, రిజిస్టరులో కెప్టెన్ పేరు రాశాను. ఆ తరువాత నాలుగు నిమిషాలు బంతి అటూ ఇటూ తిరిగింది. వచ్చిన జట్టు కూడా ఒక గోలు రుచి చూసింది కదా, రెండోదానికి ఉరికింది. నిమిషం కన్నా తక్కువ ఉందనగా పోస్ట్‌మాన్ మళ్ళీ ఒంటరిగా గోలు ముందు తేలాడు. ఈసారి అతను కొట్టిన బంతి ఇంకా గట్టిది. గోల్‌కీపర్ దాన్ని రెండు చేతులతో పట్టి, కడుపుకు హత్తుకుని, లేచి, గాలివాటు చూసి ఒక్క తన్ను తన్నాడు. మా పీఠభూమి మీద ఆషాఢంలో గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకే ఆ తన్ను విలువ తెలుస్తుంది. బంతి మైదానం మధ్య దాటి, ఇంకా పోయి, వెనక కాపలా కాసే ఎదుటి బ్యాకుల తలల మీదుగా దిగింది. దాని వెంట కెప్టెన్ ఒక్కడే ఉన్నాడు.

ఆరు ఒకటి. ఇరవై ఏడుకు పదమూడు. నేను భాగహారం మూడుసార్లు చేశాను. చేయవలసిన అవసరం లేదు, కార్యదర్శి లేచి గంతులు వేయకూడదు కదా.

సంతకాల కోసం కెప్టెన్లు బల్ల దగ్గరికి వచ్చినప్పుడు పోస్ట్‌మాన్ తన గోలు ఎదురుగా వేలు పెట్టాడు.

"సార్, ఈడ ఒక మాట రాయండి. గోలీ జారలేదని."

అలాంటి మాటలకు రిజిస్టరులో గడి లేదు. వెనక నిలబడిన గోల్‌కీపర్, "రాయండి సార్, నేను సాక్షి సంతకం పెడ్తా," అన్నాడు. రాశాను. ఇద్దరూ సంతకం పెట్టారు.

సోమవారం ఆఫీసులో ఫలితం బోర్డు మీద పెట్టాను. ఆఫీసుల జట్టు తరఫున మా హెడ్ క్లర్కు ఫిర్యాదు రాశారు. ఆట ముందు కార్యదర్శి మడకశిర జట్టుకు పాఠం చెప్పారని. లీగు అధ్యక్షులు ఒక పెద్ద వకీలు. ఆయన ముందు నా డైరీ తెరిచి, ఇంగ్లీషు నోటీసు సంగతి, పొట్టేలు కూర సంగతి, ఉదాహరణ సంగతి, అన్నీ చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "రెండు జట్లకూ కలిపే చెప్పినారు గదా? చెప్పినది నిబంధనే గదా?" అని అడిగి, ఫిర్యాదు కొట్టేశారు. తరువాత నన్ను ఆపి, ఇకమీదట నోటీసులు మనుషుల భాషలో పంపమన్నారు. హెడ్ క్లర్కు నెలరోజులు నాతో నేరుగా మాట్లాడలేదు. బంట్రోతు ద్వారా మాట్లాడారు. నా ప్రమోషన్ మాత్రం ఆయనే సిఫారసు చేశారని తరువాత తెలిసింది. ఆయన ఓడిపోవడం ఇష్టంలేని మనిషే కానీ, పగ పెట్టుకునే మనిషి కాదు.

మరుసటి యేడు మొదటి డివిజన్ మొదటి ఆట. మడకశిర జట్టు మెట్లున్న మైదానంలో, కొత్త చొక్కాలతో దిగింది. ఊరునుంచి ఒక లారీ నిండా జనం వచ్చారు. ఐదు సున్నతో ఓడిపోయారు. చివరి పది నిమిషాలు కెప్టెన్ తండ్రి ఎదుటి గోల్‌కీపర్ వైపే కన్నార్పకుండా చూశాడు. ఆ గోల్‌కీపర్ జారలేదు, కంట్లో దుమ్మూ పడలేదు. పెద్దాయన నా బల్ల దగ్గరికొచ్చి, "ఏమి ఊరప్పా ఇది. ఒకటన్నా ఇయ్యలేదే. వీళ్ళకు పెద్దోళ్ళు ఉండారా లేరా?" అన్నాడు.

ఆయన పక్కకు జరగగానే నూలు మిల్లు అధికారి వచ్చి కూర్చున్నారు. గోల్‌కీపర్ వయసెంత అని అడిగారు. ఇరవై అయిదుకు ఇంకా మూడు నెలలుందని చెప్పాను. ఐదు తిన్నా పదిహేను ఆపాడు అన్నారు. నేను లెక్కపెట్టాను, పదహారు. అదీ చెప్పాను.

తరువాత ఆయన గొంతు తగ్గించారు. "ఒక మాట విన్నాను. ఈ కుర్రవాడు కావాలని గోల్స్ వదిలేవాడట. నిజమేనా?"

గోల్‌కీపర్ కాస్త దూరంలో మెట్లకు ఆనుకుని, తనకు వినబడనట్లు నిలబడి వింటున్నాడు. లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు ఆ మాట రాలేదు.

"నిజమే సార్. పోయిన యేడు నాలుగు."

"ఎందుకు?"

"వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో పోకూడదని సార్. ఆ ఊరి పద్ధతి. ఇప్పుడు మానేశాడు."

ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నారు.

"మా గోల్‌కీపర్ ఐదేళ్ళుగా వదిలేస్తున్నాడు," అన్నారు. "అతనికి వద్దని చెప్పి లాభం లేదు, కావాలని చేయడం లేదు కాబట్టి. ఇతనికైతే చెప్పవచ్చు. సోమవారం రమ్మనండి."